రెండో కిటికీ

కట్నీ వైపు నుంచి బిలాస్‌పూర్ వస్తున్న పాసింజరులో, పట్టపగలు, పార్శ్వనొప్పి తట్టుకోలేక నా పక్కనున్న కిటికీ రేకు దించేశాను. ఎదుటి సీట్లో పెద్దావిడ "ఏటమ్మా, ఒంట్లో బాగులేదా?" అంది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషట.

డాక్టరు నాకు చెప్పిందే ఆమెకూ చెప్పాను. తలలో నరాలు పెప్టైడు అనే ఒక రసాయనాన్ని వదులుతాయి. దాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. అది వాటిని చేరితే ఈ పోటు మొదలవుతుంది. ఇప్పుడు ఆ గ్రాహకాలను అడ్డుకునే మందులొచ్చాయి.

"అచ్ఛా! అయితే నాటకం కాదన్నమాట."

నేను దించిన రేకు వైపు చూస్తూ మళ్ళీ అంది.

"మా నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే కిటికీలన్నీ మూసేసి, గిన్నె చప్పుడు కూడా రానిచ్చీవోళ్ళం కాదు. అమ్మ తలకి గుడ్డ కట్టుకుని పడుకుంటే మాత్రం నేను రేడియో పెట్టీదాన్ని. వంట తప్పించుకోడానికి నాటకాలాడతందనీదాన్ని."

"మీ అమ్మగారు...?"

"ఇంకెక్కడమ్మా!"

లేచి, తన వైపు కిటికీ రేకు కూడా దించింది. బిలాస్‌పూర్ వచ్చేదాకా ఎవరు గట్టిగా మాట్లాడినా "ధీరే, ధీరే" అంటూ చేత్తో వారిస్తూనే ఉంది.

నాకు పోటు ఎప్పుడో తగ్గింది. ఆ సంగతి ఆమెకు చెప్పకుండా కళ్ళు మూసుకునే ఉన్నాను.