జీడి పుండు మీద సూది వేయరు

ఒక మధ్యాహ్నం మా అమ్మ మగ్గం గుంటలో నుంచి పైకి లేవలేకపోయింది. రెండు చేతులూ గట్టుకు ఆనించి, కుడి మోకాలు మడవలేక, చాపలేక అక్కడే ఉండిపోయింది. నేనూ పక్కింటామె చెరో రెక్క పట్టి లేపాం. సిద్దిపేటకు కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె నేస్తూనే ఉంది. మగ్గం మానేస్తే ఇంట్లో తనకు లెక్క ఉండదని ఆమె భయం.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి "ఆస్టియో ఆర్థరైటిస్, గ్రేడ్ త్రీ" అన్నాడు, అంటే కీలు బాగానే అరిగిందని. మాత్రలు, తొడ కండరాలకు ఎక్సర్‌సైజులు రాశాడు. అవి చాలలేదు. కీల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు రోజు ఖాయం చేశాడు.

ఆ రోజు టేబుల్ మీద చీర పైకి జరిపితే మోకాలి చుట్టూ పచ్చి పుండ్లు. మా మేనత్త నల్లజీడి గింజను వేడి చేసి, ఆ నూనెతో చుక్కలు పెట్టింది. చర్మం పొక్కి రసి కారితే, చెడు నీరు పోతున్నదని సంబరపడిందట. నేను కొట్లాడతానని ఇద్దరూ నా దగ్గర దాచారు.

డాక్టరు గ్లవుజులు తీసేశాడు. "ఈ పుండ్లల్ల నుంచి సూది పోతే క్రిములు కీల్లకే పోతయమ్మా. మానేదాకా ఇయ్య."

అన్నాళ్లూ అమ్మ గోడ పట్టుకుని నడిచింది. మేనత్తను నిలదీస్తే, తాతల నాటి మందని, నాకు చదువెక్కువైందని అంది. తాతలు చేయడం రుజువు కాదు. పైన చర్మం మండుతుంటే లోపలి నొప్పి కాసేపు తెలియదు, అంతే. అదే వైద్యమైతే, పంటి నొప్పికి వేలు చితక్కొట్టుకోవడమూ వైద్యమే.

నా కోపం ఆమె ఒక్కదాని మీదే కాదు. అంతకుముందు ఇంకో దవాఖానలో పసరు కట్టు చూసిన డాక్టరు అందరి ముందూ "మనిషివా, గొడ్డువా?" అని అమ్మను తిట్టాడు. తిట్టేవాడికి రోగి నిజం ఎందుకు చెబుతుంది? మూఢనమ్మకానికి ఇలాంటి డాక్టర్లే కాపలాదారులు.

పుండ్లు మానాక స్టెరాయిడ్ ఇచ్చారు. డాక్టరు ముందే చెప్పినట్టు, అమ్మకున్న షుగర్ కొన్నాళ్లు పెరిగింది. నొప్పి తగ్గి, కొన్ని నెలలకే తిరగబెట్టింది. అదే మందు మాటిమాటికీ మంచిది కాదని పెయిన్ డాక్టరు దగ్గరకు పంపారు. ఆ డాక్టరమ్మ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, మోకాలి నొప్పిని మోసే నరాల దగ్గర మత్తుమందు వేసింది. జెనిక్యులర్ నర్వ్ బ్లాక్ అంటారు. అది పరీక్ష మాత్రమే. ఆ పూట అమ్మ పట్టుకోకుండా మెట్లు దిగింది, సాయంత్రానికి నొప్పి వచ్చేసింది. బ్లాక్ పనిచేసిందని రుజువైంది కనుక, తర్వాత అవే నరాలు నొప్పిని మోయకుండా రేడియో ఫ్రీక్వెన్సీతో వేడి చేశారు. ఈసారి నొప్పి చాలావరకు తగ్గింది.

"అరిగిన గుజ్జు మళ్ల రాదమ్మా. నొప్పి తగ్గినన్ని రోజులు తొడకు బలం తెచ్చుకో" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక మేనత్త, తన జీడి ఇప్పటికి పనిచేసిందని చెప్పుకొంది. అమ్మ గొంతు పెంచలేదు. "గట్లయితే నీ మోకాళ్లకెందుకు పెట్టుకుంటలేవు వదినె? అవి గూడ నొస్తున్నయి గద."

ఇప్పుడు గుంటలో దిగడానికి మెట్టు కట్టించాం. పొద్దున కొంతసేపు నేస్తుంది, నడుమ లేచి కాలు చాపి ఎత్తుతుంది. నొప్పి పూర్తిగా పోలేదు. నరాలకు ఆ వేడి చికిత్స మళ్లీ చేయించాల్సి రావచ్చు.

మోకాలికి సూది వేయించుకునే ముందు పూసిందీ, కట్టిందీ, కాల్చిందీ, షుగరూ, రక్తం పలచబరిచే మాత్రలూ అన్నీ చెప్పండి. తిడితే తిట్టనివ్వండి. మీ చర్మం చూడకుండా, మిమ్మల్ని ఏమీ అడగకుండా సూది పట్టుకున్నవాడి ముందు మాత్రం కాలు చాపకండి.