వేడి తగ్గేదాకా లేవని బానెట్

ఇంజను వేడి చూపించే సూది ఎర్ర గీత దాటినప్పుడు నాకు భయం వేయలేదు. బానెట్ లేవనప్పుడు వేసింది.

మధ్యాహ్నం మూడున్నర. స్కూలు నుంచి పిల్లల్ని తీసుకుని వస్తున్నాను. కొత్తగూడ చౌరస్తా దాటాక మాదాపూర్ వైపు ఎక్కుడు దారి, రెండు పక్కలా పేల్చి పడేసిన బండరాళ్ళు. కారు ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. పక్కకు ఆపి, బానెట్ గొళ్ళెం వదిలించే లోపలి లీవరు లాగాను. టక్ మని శబ్దం వచ్చింది. నీళ్ళ సీసా పట్టుకుని దిగాను. చీర కొంగు చేతికి చుట్టుకున్నాను, రేడియేటర్ మూత తిప్పుదామని.

మూడేళ్ళ బుజ్జి వెనక సీట్లో నిద్రపోతోంది. ఆరేళ్ళ చిన్నూ మాత్రం నేను వద్దనేలోపే దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడి గడ్డం సరిగ్గా కారు ముందు అంచు ఎత్తుకు వస్తుంది.

బానెట్ ఎత్తబోయాను. లేవలేదు.

గొళ్ళెం పట్టేస్తే చేతికి తెలుస్తుంది, రాయిలా కదలదు. ఇది అలా లేదు. వెంట్రుకవాసి లేస్తోంది, మళ్ళీ దిగుతోంది. బియ్యం బస్తా పెట్టిన పెట్టె మూత ఎత్తుతున్నట్టుంది. చిన్నూ కూడా చేతులేశాడు. వాణ్ణి కసిరి దూరంగా బండ మీద కూర్చోబెట్టి మళ్ళీ ప్రయత్నించాను. కోపంతో ఏడుపొచ్చింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పుడు కారు ముందు భాగం దానంతటదే వేలెడు పైకి లేచింది. మంచం మీద కూర్చున్న మనిషి లేస్తే మంచం కుదుటపడుతుందే, అలా. బానెట్ ఒక్క చేత్తో తేలిగ్గా వచ్చింది. అప్పటికి ఇంజను చల్లారింది. మూత తిప్పితే చిన్నగా బుస్సుమంది, అంతే.

నేను దయ్యాల కథలు వింటే నవ్వే మనిషిని. కాకినాడలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను. మూత బిగించిన పాత్రలో నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవనీ, మూత తీయగానే ఒక్కసారిగా పైకి చిమ్ముతాయనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ రోజు రోడ్డు మీద ఆ సంగతి గుర్తుకు రాలేదు. ఇంటికొచ్చి పిల్లలకి పాలు కలుపుతుంటే గుర్తొచ్చింది. గ్లాసు పక్కన పెట్టి చిన్నూని దగ్గరికి లాక్కున్నాను.

హైటెక్ సిటీ బిల్డింగులు లేస్తున్న రోజులివి. మా వారు అక్కడే ఒక కట్టడంలో సైటు ఇంజనీరు. మాదాపూర్‌లో కిరాయికుంటున్నాం. మియాపూర్ వైపున్న స్కూలుకు ఆటోలు దొరక్క, సోమాజిగూడలో ఒక డాక్టరుగారి కుటుంబం దగ్గర ఆ పాత విదేశీ కారు కొన్నారు. తోలు సీట్లు, చెక్క పలక బిగించిన డాష్‌బోర్డు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ అనుమానమే. ఇంత మంచి కారును వాళ్ళు అంత తేలిగ్గా ఎందుకు వదులుకున్నారు?

కారు దారిలో ఆగిన మరుసటి రోజు పొద్దున చూస్తే బానెట్ మీద ఇంకో వింత. మా వీధిలో ఏ బండి మీదైనా సిమెంటు దుమ్ము పేరుకునే ఉంటుంది. మా కారు ముందు అంచున మాత్రం మనిషి కూర్చుంటే పట్టేంత మేర దుమ్ము లేదు. పక్క స్థలంలో కాపలా ఉండే సాయిలు మీదికి పోయింది నా అనుమానం. బరువుకి గొళ్ళెం వంగిందనుకున్నాను.

"సాయిలూ, రాత్రిళ్ళు మా కారు మీద కూర్చుంటున్నావా?"

"అయ్యో, నేనెందుకు కూసుంటనమ్మా? నాకు మంచం లేదా ఏంది? గా కారు మీద కూసుంటే జారి కింద పడుత, నడుము ఇరుగుతది."

నమ్మలేదు. సాయంత్రం నేనే తడిగుడ్డతో బానెట్ మొత్తం తుడిచి, ఆ తర్వాత ఎంత దుమ్ము పడుతుందో రోజూ చూస్తూ వచ్చాను. ఆ నాలుగు రోజులూ నెమ్మదిగా నడిపాను, కారు మరగలేదు, దుమ్ము సమంగా పడింది.

ఐదో రోజు ఆదివారం. మా వారే నడుపుతున్నారు, అందరం కలిసి వస్తున్నాం. అదే ఎక్కుడు మీద సూది మళ్ళీ పైకి పోయింది. ఈసారి పిల్లల్ని దిగనివ్వలేదు. మా వారూ నేనూ నాలుగు చేతులతో ఎత్తినా బానెట్ లేవలేదు. నేను వంగి ముందు చక్రం పైన, మడ్‌గార్డుకు మధ్య ఉండే ఖాళీ చూశాను. రెండు పక్కలా రోజూ ఉండేదానికంటే తక్కువగా ఉంది, ముందు ఏదో బరువు పడ్డట్టు. ఆ మాట ఆయనతో అనలేదు. కాసేపటికి ముందు భాగం పైకి లేచింది, బానెట్ వచ్చింది. దుమ్ములో మళ్ళీ అదే ఖాళీ జాగా. ఆవిరికి కడుక్కుపోయిందన్నారాయన. ఆవిరికి పోతే చారలుండాలి కదా. అక్కడ పొడిగా ఉంది, ఎవరో బట్టతో ఒత్తినట్టు.

"ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది. నీకు నేను చెప్పాలా?" అన్నారు. నిజంగా అదే అయితే బాగుండునని నాకూ ఉంది.

మర్నాడు పిల్లలు స్కూల్లో ఉండగా మూసాపేటలో మెకానిక్ యాదగిరి షెడ్డుకు తీసుకెళ్ళాం. కారు కొన్నప్పుడు సర్వీసు చేసింది అతనే. ముందు బానెట్ సంగతి తేల్చమన్నాను. ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపించి, ఆపి, లీవరు లాగాడు. పెళ్ళిపత్రిక తెరిచినంత తేలిగ్గా లేచింది. మూడుసార్లు చేయించాను.

"ఏమైందమ్మా దీనికి? మంచిగనే లేస్తున్నది. మీ సార్ పొద్దుగాల టిఫిన్ చేయలేదేమో," అని నవ్వాడు.

వ్యాకోచం మాట అక్కడితో పోయింది.

ఇక వేడి సంగతి. ఫ్యాను తిరుగుతోంది, బెల్టు బిగువుగా ఉంది, ఎక్కడా నీళ్ళు కారడం లేదు. మా బోరు నీళ్ళ సున్నం పేరుకుందేమోనని రేడియేటర్ విప్పి కడిగాడు. గుణం లేదు. మళ్ళీ ఇంజను నడిపించి, పైపులన్నీ చేత్తో తడుముతూ పోయాడు. కాసేపటికి అతని ముఖంలో నవ్వు పోయింది. ఇంజను కుతకుతలాడుతోంది, రేడియేటర్ కింది సగం మాత్రం చల్లగా ఉంది. నీళ్ళు అటు సరిగ్గా పోవడమే లేదు.

"అమ్మా, తప్పు నాదే," అన్నాడు తల గోక్కుంటూ. "ఇండ్ల ఒక వాల్వు ఉంటది. సర్వీసప్పుడు నేనే తీసేసిన. చలి దేశపోళ్ళకు గావాలె గానీ, మన ఎండలకు ఎందుకని అన్ని బండ్లకు తీసేస్త. ఎన్నడు ఏం కాలే."

మిగతా బండ్లకు కాలేదు. ఈ కారులో ఆ వాల్వుకు రెండు పనులట. ఇంజను చల్లగా ఉన్నంతసేపు నీళ్ళు దగ్గరిదారిలో ఇంజనులోనే తిరుగుతాయి. వేడెక్కాక వాల్వు రేడియేటర్ దారి తెరిచి, ఆ దగ్గరిదారిని మూస్తుంది. వాల్వు లేకపోతే దగ్గరిదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్ళు చాలావరకు అటే పోతాయి, ఎక్కుడు మీద మరిగిపోతాయి. అదృష్టం, పాత నట్ల డబ్బాలో ఆ వాల్వు అలాగే ఉంది. ఎలా కూర్చోబెట్టాలో సరిగ్గా చూడాలి, కారుతో వచ్చిన పుస్తకం కావాలన్నాడు.

పుస్తకం డాక్టరుగారి ఇంట్లోనే ఉండిపోయింది. మా వారు ఫోను చేసి చెప్పారు, నేను ఆటోలో వెళ్ళాను. డాక్టరుగారి భార్య పెద్దావిడ, మాట నెమ్మది. పుస్తకం చేతికిచ్చి టీ పోసింది. నాలో అనుమానం ఊరుకోనివ్వలేదు.

"ఈ కారుకు ఎప్పుడైనా ఏమైనా జరిగిందాండీ?" అని అడిగాను.

"బండికేం కాలేదమ్మా," అంది. "మా నర్సింహకు అయింది. డ్రైవర్. ఒకపారి సాగర్ పోతుంటే దారిల పైపు పగిలి బండి మరిగింది. మూత తిప్పిండు. మా పెద్దోడు పక్కనే నిలబడి చూస్తుండు, ఏడేండ్ల పోరడు. నీళ్ళు ఎగజిమ్మినయి. నర్సింహ వాణ్ణి కడుపుల వెట్టుకొని వెనక్కి తిరిగిండు. పోరడికి చుక్క తగల్లేదు. అతని వీపంతా కాలింది పాపం. దవాఖానల నెల రోజులున్నడు."

నేను టీ కప్పు కింద పెట్టేశాను.

"అప్పటిసంది జర వేడెక్కిందంటే చాలు, ఆపి బానెట్ మీద కూసునేటోడు. చల్లారేదాక ఎవ్వరినీ ఎత్తనియ్యడు. డాక్టరు సాబు తిట్టినా దిగడు. పోరగాళ్ళుంటే ఇగ అసలే దిగడు."

"ఇప్పుడెక్కడున్నాడండీ?"

"ఇంకెక్కడమ్మా, పోయి ఆరేండ్లయింది. ఇంట్ల పండుకొనే పోయిండు."

బానెట్ గురించి నేను ఆవిడతో ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చి మా వారిని గుచ్చి గుచ్చి అడిగాను. ఫోనులో పుస్తకం మాట తప్ప ఏమీ చెప్పలేదన్నారు. యాదగిరికి ఆ ఇల్లెక్కడో తెలియదు. ఎవరో ఒకరు నాతో ఆడుకుంటున్నారని తేలితే నాకు హాయిగా ఉండేది. ఎటు తిప్పి చూసినా ఎవరూ దొరకలేదు.

వాల్వు బిగించాక, ఆ సాయంత్రం నేనొక్కదాన్నే ఆ ఎక్కుడు మీద రెండుసార్లు నడిపాను. సూది సగం దగ్గరే నిలబడింది. పైన ఆపి, బానెట్ ఎత్తి చూశాను. వెంటనే లేచింది. సంతోషించాల్సింది. ఎందుకో ఆ దుమ్ము వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఎక్కడా ఏ గుర్తూ లేదు.

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. చక్రం పైన ఖాళీ తగ్గడం నా కళ్ళతో చూశాను. షెడ్డులో లేచిన బానెట్ రోడ్డు మీద ఎందుకు లేవలేదో మా వారూ చెప్పలేకపోయారు, యాదగిరీ చెప్పలేకపోయాడు. ఇంతవరకు నాకూ తెలియదు. మొదటి రోజు అది లేచి ఉంటే ఏమయ్యేదో మాత్రం తెలుసు. చిన్నూ గడ్డం ఎక్కడుందో తలుచుకుంటే ఇప్పటికీ లేచి వెళ్ళి వాడి ముఖం తడిమి వస్తాను.

వాల్వు బిగించిన మర్నాడు పొద్దున, స్కూలుకు బయల్దేరుతుంటే చిన్నూ అడిగాడు, "అమ్మా, మన కారు బాగైపోయిందా? ఇంక ఆగదా?"

గొళ్ళెం చెడిపోయింది, బాగు చేయించాం అని చెబుదామని రాత్రే అనుకున్నాను. తీరా అబద్ధం ఎందుకనిపించింది. ఇద్దరినీ కారు ముందు నిలబెట్టి చెప్పాను.

"బాగైంది. అయినా ఎప్పుడన్నా వేడెక్కి ఆగితే మీరు దిగకూడదు. నేను కూడా బానెట్ ముట్టుకోను. కారు ముందు భాగం పైకి లేచేదాకా ఆగుదాం."

"లేవకపోతే?" అన్నాడు చిన్నూ.

"లేస్తుంది నాన్నా. చల్లారగానే దిగిపోతాడు."

ఎవరని వాడు అడగలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని వెనక సీట్లోకి ఎక్కాడు.