తక్కువ కరెంటు తాగే పెట్టె

అడవి పల్లెల్లో పంతులుగా పనిచేసిన రోజుల్లో ముసలమ్మల పాటలెన్నో రికార్డు చేసుకున్నాను. పెనుబల్లిలో స్థిరపడ్డాక, వాటన్నిటినీ ఒకచోట చేర్చి ఇంట్లో ఏ ఫోన్లోనైనా వినేలా చిన్న సర్వర్ పెట్టుకోవాలనిపించింది. ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికెళ్లి, దుకాణంలో అన్నిటికంటే పెద్ద కొత్త పెట్టెను చూపించాను.

"ఇది ఏం పని జేయాలె సార్?" అన్నాడు.

"పాటలు దాచాలె, అడిగినప్పుడు ఇయ్యాలె. పగలూ రాత్రీ నడవాలె."

"గంతేనా? మీ ఊర్ల కరెంటు పోతదా?"

"గాలివానొస్తే పూటంతా పోతది."

ఆయన కరెంటు కొలిచే చిన్న మీటరు తెచ్చి దానికి ఆ పెద్దదాన్ని తగిలించాడు. ఏ పనీ చేయకుండానే అరవై వాట్లు చూపించింది. తర్వాత ఏదో ఆఫీసు వదిలేసిన టిఫిన్ డబ్బా అంత పెట్టె తీశాడు. పాటలు దాచే రెండు డిస్కులు కలిపినా మీటరు ఇరవై దాటలేదు.

"దీనికి జోరు తక్కువ సార్. పాట వినిపించేటందుకు జోరెందుకు? మీ ఇన్వర్టర్ మీద పూటంతా బతుకుతది. పాటలది ఇంకో కాపీ మాత్రం వేరే ఇంట్ల పెట్టుకోండ్రి."

కొత్తదాన్ని అమ్ముకునే అవకాశం వదులుకుని పాతది ఇచ్చిన ఆ మనిషికి డబ్బులిచ్చి, పెట్టెను ఇంటికి తెచ్చుకున్నాను.

తొలకరి గాలివానకు మధ్యాహ్నమే కరెంటు పోయింది. ఆరోజే ఆ అడవి పల్లెల్లో నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి మా ఇంటికొచ్చి, చనిపోయిన తన నాయనమ్మ పాట ఉందా అనడిగింది. పెట్టె ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంది; ఫోన్లో వినిపించాను. రెండుసార్లు విని, మూడోసారి తనూ గొంతు కలిపింది.

ఆ సంగతి చెబుదామని పెద్దాయనకు ఫోన్ చేశాను. అంతా విని, "మంచిగైంది సార్. ఇన్వర్టర్ బ్యాటరీల నీళ్లు చూస్కున్నరా?" అన్నాడు.