బొంత నడుమ జాగా

"గుంజకు చెల్లె! నువ్వటు గుంజితే నా దిక్కు ముడుత వడ్తది," అని అరిచాను.

"నేనేడ గుంజుతున్న అక్కా? నీ సూదే గుంజుతంది," అంది మా తోటికోడలు, తల కూడా ఎత్తకుండా.

మా అత్తా, పక్కింటి అవ్వా కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది.

నలుగురం బొంతకు నాలుగు వైపులా కూర్చుని ఉన్నాం, ఇంటి ముందు షెడ్డులో, ఆగిపోయిన సాంచాల పక్కన. మా దగ్గర మరమగ్గాలను సాంచాలే అంటారు. ఎండాకాలం నుంచి గుడ్డకు ఆర్డర్లు లేవు. మా ఆయనా, మా మరిదీ మహారాష్ట్రలోని భీవండి పోయారు, అక్కడి సాంచాల మీద పనికి. పగలూ రాత్రీ టకటకలాడే ఇల్లు ఒక్కసారిగా మూగబోయేసరికి చెవుల్లో దూది కుక్కినట్టు ఉండేది. ఆ చప్పుడు లేక మా అత్తకు నిద్రే పట్టేది కాదు. చివరికి ఒకరోజు పాత చీరల మూట దించి మా మధ్యన పడేసింది.

"పోరగాండ్లు ఆడ బండల మీద పంటున్నరట. సలికాలం వస్తంది. ఊకె కూసొని ఒకల మొఖం ఒకలు సూసుకునుడెందుకు? బొంత కుట్టుదాం, పట్టుర్రి."

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు. మా వాడలో ముగ్గు అంటే నేనే. పదో తరగతి గట్టెక్కలేదు గానీ, చుక్కలు పెట్టి గీత మొదలుపెడితే ఎక్కడా తప్పేదాన్ని కాదు. పండగ ముందురోజే ఆడవాళ్లు వచ్చేవాళ్లు, "మా వాకిట్ల జర గీసిపోరాదే" అంటూ. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నా ముగ్గు చూసి, "పిల్ల సేతిల ఏదో ఉన్నది," అంది. ఒక్కసారే అంది. ఆ మాటను పట్టుచీర దాచుకున్నట్టు దాచుకున్నాను.

సాంచాలు ఆగాక నా ముగ్గూ ఆగింది. వాకిట్లో నీళ్లు చల్లి, రెండు అడ్డగీతలు గీసి లోపలికి వచ్చేసేదాన్ని. అదేమని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తోటికోడలు పెళ్లయి వచ్చింది, ఖానాపూర్ దిక్కు నుంచి. వాళ్ల దగ్గర బొంతను గోదడి అంటారట. బొంత పరిచిన మొదటి రోజే తన పసుపు చీర చెంగు ఒకటి కత్తిరించి, సమోసాల్లా మడిచి, నాలుగు మూలలకూ కుట్టేసింది.

"గిదేంది పిల్లా, బొంతకు చెవులు పెడ్తున్నవా?" అంది అవ్వ.

"మా దిక్కు గోదడికి మూలలు ఉత్తగ ఉంచరు అవ్వా. ఉత్తగుంటే ఆడికెళ్లే సలి దూరుతదంటరు."

మా అత్త ఆ మూలను వేళ్లతో తడిమి చూసింది. తిప్పి చూసింది. తర్వాత అంది, "పిల్ల సేతిల ఏదో ఉన్నది."

అచ్చం అదే మాట! నా మాట! నాకు దాహం లేదు, అయినా లేచి వెళ్లి చెంబెడు నీళ్లు తాగి వచ్చాను.

అంతటితో పోలేదు. నేను నిలువుగా కుడుతున్నాను, మా వాడలో అందరూ కుట్టినట్టే. ఆమె మాత్రం అంచు వెంట పోయి, మూల రాగానే మలిపి, చుట్టు తిరుగుతూ లోపలికి వస్తుంది. మా అత్తా, అవ్వా అది చూసి తమ సూదులు కూడా అటే తిప్పారు. మిగిలింది నా వైపు ఒక్కటే.

"నీ కుట్టే ఇప్పు బిడ్డా," అంది మా అత్త. "మూడు దిక్కులు గిట్ల, ఒక దిక్కు గట్ల ఉంటే ఏం మంచిగుంటది?"

విప్పాను. బారెడు కుట్టు, స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నది, పళ్లతో దారం తెంపి మరీ విప్పాను. అప్పుడే మా ఆయన ఫోన్ చేశాడు. అత్త స్పీకర్ పెట్టి మూలల సంగతంతా చెప్పింది. "అట్లనా? మా మరదలికి గంత పనస్తదా?" అన్నాడు ఆయన మురిసిపోతూ. నేను బాగున్నానా అని అడిగాడు, ఫికర్ చేయకు అన్నాడు. నేను ఊఁ అన్నాను, అంతే.

ఇక వాడలో ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది. పని లేక వాళ్లూ చేతులు ముడుచుకుని ఉన్నవాళ్లే. ఎవరి పాత చీరలు వాళ్లు తెచ్చుకుని, షెడ్డు నిండా పరుచుకుని కూర్చున్నారు. ఒకామె పాట ఎత్తుకుంటే ఇంకొకామె తన అత్తను తిడుతూ ఓ చరణం అల్లింది. ఆ అత్త అక్కడే ఉంది, అందరికంటే ఆమే ఎక్కువ నవ్వింది. ఎన్ని నెలలైందో మా షెడ్డులో అంత చప్పుడు విని. నాకూ నవ్వొచ్చింది. కానీ ఒకప్పుడు ముగ్గు కోసం నా కొంగు పట్టుకుని తిరిగినవాళ్లు ఇప్పుడు నన్ను దాటిపోయి ఆమె పక్కన కూర్చున్నారు. "జర మూల మలుపుడు సూపియ్యి పిల్లా," అని అడుగుతున్నారు.

లోపలికి వచ్చేకొద్దీ బొంత మీద నలుగురికి చోటు చాలదు. ఒకనాడు పొద్దుగూకే వేళకు నడుమ పళ్లెమంత జాగా మిగిలింది. అత్తా, అవ్వా మోకాళ్లు పట్టుకుని లేచారు. ఇక మేమిద్దరమే, ఎదురెదురుగా, మోకాలికి మోకాలు తగులుతూ. ఈ నడుమ భాగం కూడా ఆమే చేస్తే ఇక ఈ ఇంట్లో నాకంటూ ఏం మిగులుతుంది అనుకుంటూ సూది గట్టిగా పట్టుకున్నాను.

ఆమె సూది ఆగింది.

"అక్కా, ఈడ ఏం జెయ్యాల్నో నాకెర్కలేదు. మా తల్లిగారింట్ల నడుమ ఎప్పుడు మా అవ్వనే కుట్టేది. నన్ను దగ్గర్కి రానియ్యకపోయేది."

అబ్బ, ఎంత సంతోషమైందో! మొహంలో కనబడకుండా ఉండటానికి కష్టపడ్డాను.

"నువ్వు ముగ్గులు మస్తు గీస్తవంట గద," అంది మళ్లీ. "నేనొచ్చినకాడికెళ్లి సూస్తున్న, ఒక్కనాడు గియ్యకపోతివి."

దెప్పినట్టు లేదు. నిజంగానే అడిగింది. లేచి వెళ్లి ముగ్గు గిన్నె తెచ్చాను. పైన పరిచింది మా అత్త ముదురు నీలం చీర, దాని మీద తెల్లగా చుక్కలు పెట్టాను. మొదటి గీత లావుగా పడింది. వేళ్లు మరిచిపోయాయేమోనని భయమేసింది. చెరిపి మళ్లీ గీశాను. మూడో వంపు దగ్గర చెయ్యి దానంతట అదే తిరిగింది. ఎనిమిది రేకుల పువ్వు.

ఆమె ఆ గీత వెంటే సూది నడిపింది. ఒక్క వంపు తప్పలేదు. పిండి దులిపేస్తే కుట్టు మిగిలింది. అది నా గీత కంటే బాగుంది. నిజం చెప్తున్నా, అప్పుడు కూడా నాకు కాలింది.

మా అత్త మళ్లీ వచ్చి వంగి చూసింది. "మంచిగున్నది," అంది.

ఎవరిది? నా గీతా, ఆమె కుట్టా? అన్నాలు తింటున్నంతసేపూ ఎదురుచూశాను, చెబుతుందేమోనని. చారు పోయమంది, పచ్చడి అందుకోమంది. ఆ ఒక్క మాట చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఈ గడప నుంచి అవ్వ వాళ్ల గడప దాకా ముగ్గు వేశాను. నడుమ అదే పువ్వు, బొంత మీది దానికంటే నాలుగింతలు పెద్దది. మూలలు మాత్రం నాలుగూ ఖాళీగా ఉంచాను. తర్వాత లోపలికి పోయి ఆమెను లేపాను.

"లే చెల్లె. మూలలు ఉత్తగున్నయి, నువ్వెయ్యి."

కళ్లు నులుముకుంటూ వచ్చి, ముగ్గును చూసి అక్కడే నిలబడిపోయింది. గిన్నె ఆమె చేతిలో పెట్టాను.

"నడుమ దిక్కు పోయినవంటే సూడు," అన్నాను, గడప మీద కూర్చుంటూ.