వంటింటి దక్షిణపు కిటికీ

మా ఇంటి ముందు బండి ఆపి, తల పైకెత్తి, "అబ్బ, ఎంత బాగా కట్టేరండీ!" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళంతా కంపరం పుడుతుంది. వాళ్ళ తప్పేం లేదు పాపం. వాళ్ళకి కనపడేది ముందు గోడే. బూడిదరంగు రాళ్ళు అతికించిన గోడ, దాని మీద కింది నుంచి పైదాకా ఊదారంగు లైట్ల చార, ఏ బరువూ మొయ్యని రెండు లావుపాటి స్తంభాలు, గేటు మీద నోరు తెరుచుకున్న రెండు సింహాలు. రాజాంలో మా వీధంతా ఇదే వరస. ఒకడు రెండు స్తంభాలు పెడితే పక్కవాడు నాలుగు పెడతాడు. పైన పటారం, లోన లొటారం. ఇల్లనేది అందులో ఉండేవాళ్ళ కోసం కడతారని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, రోడ్డు మీద పోయేవాళ్ళ కోసం కడతారు.

నాకు స్తంభాలు అక్కర్లేదు, సింహాలు అక్కర్లేదు. నాకు కావలసింది ఒక్క కిటికీ. వంటింట్లో, కూరగాయలు తరిగే చోట, పట్టపగలు లైటు వేసుకోకుండా పని చేసుకోవడానికి ఒక్క కిటికీ.

అది గొంతెమ్మ కోరికేం కాదు. పదిహేడేళ్ళు ఆమదాలవలసలో అద్దె ఇళ్ళలో వండాను. ఆఖరి ఇంట్లో వంటిల్లు మెట్ల కింద ఉండేది. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా బల్బు వెలగాల్సిందే. ఆవిరి పైకి పోయే దారి లేక గోడలు జిడ్డోడేవి, వేలితో గీస్తే గీత పడేది. ఒకరోజు కరెంటు లేదు, బడికి టైమైపోతోంది, గుడ్డివెలుగులో వంకాయలు కోసి పోపులో పడేశాను. సగం తిన్నాక మా అమ్మాయి పళ్ళెంలో తేలింది పురుగు. తెల్లగా, లావుగా, నూనెలో నిగనిగలాడుతూ. మా ఆయన దాన్ని పక్కకి తోసి, "వంకాయన్నాక పురుగుండదేటి?" అని మిగతాది తినేశాడు. నేను పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను. సొంత ఇల్లు కడితే వంటింటికి కిటికీ ఉంటుందని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మా మావగారు పోయాక రాజాం శివార్లలో ఉన్న స్థలాన్ని అన్నదమ్ములిద్దరూ చెరిసగం పంచుకున్నారు. మా వైపు ఆనవాయితీ ప్రకారం పెద్దవాడైన బావగారికి దక్షిణం ముక్క, మాకు ఉత్తరం ముక్క వచ్చాయి. రెండింటికీ తూర్పున రోడ్డు. ముందు కట్టింది మేమే.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. గ్రాఫు కాగితం మీద ప్లాను నేనే గీశాను. బియ్యం బస్తాలకి చిన్న గది, అంట్లు తోముకోవడానికి వెనక నీడగా ఒక గట్టు, ముసలివాళ్ళు వచ్చినా ఇబ్బంది లేకుండా కిందే ఒక బాత్రూం, చెయ్యెత్తితే అందే అలమారలు, వంటింటికి కిటికీ. మా ఆయన దాన్ని చూసి, చిన్నపిల్ల గీసిన బొమ్మని చూసినట్టు "బాగుందే" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఎలివేషన్ బొమ్మలు గీసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. అతని లాప్‌టాప్‌లో మా ఇల్లు తిరుగుతోంది. ముందు ఎర్రకారు, ఈ జిల్లాలో ఎక్కడా మొలవని చెట్లు. ఆ బొమ్మలో మనుషులు లేరు. నాకు అప్పుడే అర్థం కావలసింది.

వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాలని వాస్తు సిద్ధాంతిగారు చెప్పారు. ఉండనీ, నాకేం? రోడ్డు తూర్పునుంది కాబట్టి వంటిల్లు ఇంటి ముందు భాగంలోకే వస్తుంది. "అయితే తూర్పు గోడకి కిటికీ పెట్టండి, పొద్దున్న ఎండ పడుతుంది" అన్నాను.

బొమ్మలవాడు మొహం అదోలా పెట్టాడు. "ఫ్రంటు ఎలివేషన్‌లో వంటింటి కిటికీ వస్తే లుక్కు పోతాది మేడమ్. అక్కడ రాయి వస్తాది, లైట్లొస్తాయి."

మా ఆయన అందుకున్నాడు. "నువ్వు ఏటి వండుతన్నావో రోడ్డు మీదోళ్ళందరూ సూడాలేటి?"

"చూస్తే ఏమౌతుంది? దొంగతనంగా వండుతున్నానా?"

"సెప్తే ఇనవు కదా!"

ఇక మిగిలింది దక్షిణం గోడ. అవతల బావగారి ఖాళీ స్థలం. మనం మూడడుగులు లోపలికి జరిగి కట్టుకుందామన్నాను. హాలు ఇరుకైపోతుందన్నాడు మా ఆయన. ఆ హాల్లోకి ఎల్ ఆకారం సోఫా రావాలి. పైగా దక్షిణం వైపు ఖాళీ వదలకూడదని సిద్ధాంతిగారు కూడా తల అడ్డంగా ఊపారు.

"మరి రేపు బావగారు మా గోడకి ఆనించి కట్టేస్తే నా కిటికీ ఏమౌతుంది?" అని అడిగాను. సూటిగా అదే ప్రశ్న అడిగాను. సిద్ధాంతిగారు నవ్వారు. "ఆయనకి మీరు ఉత్తరం కదమ్మా! ఉత్తరం వదలకుండా ఎవడు కడతాడు? కుబేరస్థానం. ఆయన వదలక తప్పదు." మా ఆయన కూడా గట్టిగా తల ఊపాడు. నా జీవితంలో మొదటిసారి వాస్తు మీద గౌరవం కలిగింది. పిల్లలకి ప్రతి మెట్టూ సరిచూసుకోమని చెప్పే దాన్ని, ఒక తల ఊపు చూసి నమ్మాను. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ ముందు గోడ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. సోఫా మీద కూర్చుని లేచారు. సీలింగులో దాచిన లైట్లు వేసి ఆర్పి వేసి చూశారు. వంటింట్లోకి తొంగిచూసినవాళ్ళు అలమారల తళతళ చూసి, అందులో మొహాలు చూసుకుని వెళ్ళిపోయారు. ఆ తళతళ అలమారలు మూడోనాటికి పసుపు వేలిముద్రలతో పశువుల కొట్టం తలుపుల్లా తయారయ్యాయి. నేను పట్టించుకోలేదు. నా కిటికీ నాకుంది.

నాలుగు నెలలు ఉంది. పొద్దున్న ఆరున్నరకి వెలుతురు పక్కవాటుగా వచ్చి కత్తిపీట మీద పడేది. గోంగూరలో చీడ ఆకులు వాటంతటవే కనపడేవి. బియ్యంలో రాయి కనపడేది. అవతల ఖాళీ స్థలంలో ఎవరిదో మేక ఒకటి తుమ్మకాయలు నములుతూ నా వైపు చూసేది. చెబితే నవ్వుతారు గానీ, ఆ నాలుగు నెలలూ నాకు వంట చెయ్యడం విసుగనిపించలేదు. పాటలు కూడా పాడుకున్నాను.

వర్షాలు తగ్గగానే బావగారు శంకుస్థాపన చేశారు. గోతులు తవ్వుతుంటే కిటికీలోంచి చూశాను. మొదటి గొయ్యి మా గోడకి జానెడు దూరంలో పడింది.

"ఏమండీ, బావగారు ఉత్తరం వదులుతున్నారా?"

"వదుల్తాడులే. అది పునాదే కదా, కింద కాస్త ఎడల్పుగానే ఉంటాది."

పునాది లేచింది. "అది బేస్‌మెంటులే" అన్నాడు. గోడ మొదలైంది. "కాంపౌండు వాల్ అయ్యుంటాది" అన్నాడు. బేస్‌మెంటు మీద కాంపౌండు వాల్ ఏమిటి స్వామీ! ఇటుకలు కిటికీ అడుగు అంచు దాటాయి. తాపీమేస్త్రి నాకు ఎదురుగా, కూరగాయల పళ్ళెం అందించేంత దగ్గరలో నిలబడి గోడ కడుతున్నాడు. నేను ఇటువైపు ఎండురొయ్యలు వేయిస్తున్నాను.

"అమ్మగోరూ, వోసన అదిరిపోతన్నాది. ఏటి కూర?"

"వంకాయ, ఎండురొయ్యలు."

"దానంత కూర నేదండి" అని లొట్టలేసి, మెచ్చుకుంటూనే ఇంకో ఇటుక పెట్టాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతను చేసేది కూలి పని. కోపం వచ్చింది హాల్లోంచి వస్తున్న టీవీ చప్పుడికి. ఒకటే గోడ అవతల కూర్చుని, ఇక్కడ నా వెలుతురు ఇటుకిటుకా పూడుకుపోతుంటే, మా ఆయన సీరియల్ మధ్యలో వచ్చే ప్రకటనలు చూస్తున్నాడు.

వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "బావగారిని ఒక్క మాట అడగండి. రెండడుగులు జరపమనండి. ఇంకా స్లాబు పడలేదు."

"అన్నయ్యని నానెలా అడుగుతానే? తండ్రి లాంటోడు. గోడ కాడ తగువాడితే నలుగురూ నవ్వరా?"

"నేను అడుగుతాను."

ఆయన మొహం మాడిపోయింది. "నువ్వడగడమేటి?" అన్నాడు.

దానికో కారణం ఉంది. మా ఇళ్ళలో కోడలు బావగారితో ఎదురుపడి మాట్లాడదు. ఆయన వస్తే లేచి నిలబడాలి, చెప్పాల్సింది తోడికోడలి చేత చెప్పించాలి. ఇరవై ఏళ్ళలో బావగారితో నేను నేరుగా అన్న మాటలు "భోజనానికి రమ్మంటున్నారు" లాంటివి ఓ నాలుగైదు ఉంటాయేమో. బళ్ళో కలెక్టరు ముందు మాట్లాడాను గానీ ఆయన ముందు నోరు విప్పలేదు. పాడు పద్ధతి. దాన్ని మర్యాద అనుకుని ఇన్నేళ్ళు మోశాను.

ఆ సాయంత్రం బడి నుంచి వస్తూ నేరుగా ఆ గోడల మధ్యకి వెళ్ళాను. బావగారు కుర్చీ వేసుకుని ఇసక జల్లెడ పట్టిస్తున్నారు. పక్కనే మా తోడికోడలు. నన్ను చూసి ఆవిడ "ఏటే, ఏటైనాది?" అని లేచింది. నేను ఆవిడని దాటుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"బావగారూ, ఈ గోడ నా వంటింటి కిటికీకి అడ్డం వచ్చింది. రెండడుగులు వదిలి కట్టుకోండి. మీకు ఉత్తరం వదలాలని సిద్ధాంతిగారు కూడా చెప్పారు."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయన కూడా నా మొహం అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలేమో.

"అదేటమ్మా! ఆడు నీకు సెప్పనేదేటి?"

"ఏమి చెప్పలేదు?"

"మీ ఇంటికి ముగ్గు పోసిన్నాడే అనుకున్నాం కదా, ఇద్దరం హద్దు దాకా కట్టుకుందారని. సందొగ్గితే ఎలకలకి తప్ప ఎవుడికి? ఒక తండ్రి పిల్లల స్థలాల మధ్య దోషం నేదని ఆ సిద్ధాంతే సెప్పేడు, మా ఇద్దరి ముందరా. మరి ఆ కిటికీ ఎందుకురా అని నానడిగేను కూడాను. ఆవిడ ఊరుకోదు అన్నయ్యా, పెట్టించేద్దాం, నువ్వు కట్టీసరికి అలవాటైపోతాది అన్నాడు."

మా తోడికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను ఏం అన్నానో గుర్తులేదు. సిమెంటు నీళ్ళలో చెప్పు జారింది, అది మటుకు గుర్తుంది.

అంటే ఆ కిటికీ నాకోసం పెట్టింది కాదు, నా నోరు మూయించడానికి పెట్టింది. చిన్నపిల్లకి రబ్బరు పీక ఇచ్చినట్టు నాకు కిటికీ ఇచ్చారు. అందులోంచి వెలుతురు చూసి నేను పాటలు పాడుతుంటే, ఈ మనిషి వెనకాల నిలబడి టీ తాగాడు. ఆ నాలుగు నెలలూ రోజూ రెండు పూటలా తాగాడు. ఛీ! పళ్ళెంలో తేలిన పురుగే నయం, అది దాక్కోవాలనుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆయన సోఫా మూల ఒరిగి ఉన్నాడు. నా మొహం చూసి టీవీ ఆపాడు.

"మీకు ముందే తెలుసా?"

మాట దాటేస్తాడనుకున్నాను. దాటెయ్యలేదు. ఎంతో న్యాయం మాట్లాడుతున్నట్టు, నన్నే తిరిగి అడిగాడు.

"తెలిస్తే నువ్వు ఒప్పుకుంటావేటి?"

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నాతో అన్న నిజమైన మాట అదొక్కటే అనుకుంటాను. నేను ఒప్పుకోను. ఒప్పుకోనని ఆయనకి తెలుసు. అందుకే అడగలేదు. ఆ మాట అనేసి, "కాస్త టీ పెట్టు" అన్నాడు.

టీ పెట్టలేదు. రెండో రోజుకి గోడ లేచిపోయింది. మేస్త్రి పై వరస ఇటుకల సందులో సిమెంటు మెత్తి, చేత్తో రుద్ది, "అయిపోనాదండి" అన్నాడు. కిటికీ అద్దం తెరిస్తే ఇటుకలు, మూస్తే ఇటుకలు. గుడ్డికన్ను తెరిచినా ఒకటే మూసినా ఒకటే. వారం తిరక్కుండా ఆ జానెడు సందులో బొద్దింకలు కాపురం పెట్టాయి. ఎండురొయ్యల వాసన బయటికి పోయే దారి లేక పరుపుల్లోకి, బట్టల్లోకి, నా జడలోకి చేరింది. బళ్ళో పిల్లలు ముక్కు ఎగబీల్చి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఆదివారం పొద్దున్నే మా అమ్మాయిని పిలిచాను. ఎల్ ఆకారం సోఫాలో పొట్టి ముక్కని ఇద్దరం చెరో వైపు పట్టి వంటింట్లోకి తోశాం. దాని చోట, హాలు ముందు వైపు పెద్ద అద్దాల కిటికీ కింద, బల్ల వేసి స్టవ్ పెట్టాను. గ్యాసు బండ దొర్లించుకొచ్చి బిగించాను. ముందు గేటు, గేటు అవతల రోడ్డు. తూర్పు ఎండ నేరుగా వచ్చి కత్తిపీట మీద పడింది. ఎదురింటావిడ ముగ్గు వేస్తూ ఆగి నోరు తెరిచింది. నేను ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టాను.

మా ఆయన స్నానం చేసి వచ్చి, తువ్వాలుతో అలాగే నిలబడిపోయాడు.

"ఈశాన్యంలో నిప్పేటే! ఇంటికి అరిష్టం!"

"ఒక తండ్రి పిల్లలకి దోషం లేదన్నారు కదా. మొగుడూపెళ్ళాలకీ ఉండదులెండి."

"వచ్చినోళ్ళు సూస్తే ఏటనుకుంటారు? నవ్వుతారు!"

"నవ్వనీండి. ఎందుకిలా పెట్టేరని అడుగుతారు. మీరే చెప్పండి. జరిగింది జరిగినట్టు చెప్పండి, నేను మధ్యలో అడ్డం రాను. నామోషీ పడకుండా మీరు ఒక్కరికి చెప్పినా, ఆ రోజే స్టవ్ లోపలికి తీసుకుపోతాను."

ఇది జరిగి ఏడాది కావస్తోంది. మా ఆయనతో ధాన్యం బేరానికి వచ్చినవాళ్ళు, చుట్టాలు, కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను, అడగనివాళ్ళు లేరు. అందరికీ నేను ఒకటే చెప్తాను, "ఆయన్ని అడగండి" అని. ఇంతవరకూ ఆయన ఒక్కరికీ జవాబు చెప్పలేదు.