రేడియో అక్క రోబోకు పని నేర్పిన వైనం

ఆ ఫ్యాక్టరీలో అందరూ ఆమెను రేడియో అక్క అనేవారు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని, ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పక్క మెషీన్ మీద పనిచేసేది స్వయానా ఆడపడుచే కావడంతో, ఇంట్లో సగంలో ఆగిన కబుర్లు ఇక్కడ పూర్తయ్యేవి.

పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టలేం. కంప్యూటర్ మెషీన్ వెంట్రుకవాసి తేడా లేకుండా కోసిన పంపు మూతలకు కూడా అంచుల్లో కాస్త గరుకు మిగులుతుంది. దాన్ని నున్నగా తీసేది ఆమే. అందుకే రోబో వచ్చినప్పుడు దానికి ఆ పని నేర్పమని ఆమెకే అప్పగించారు.

"పెద్ద విద్యేం కాదమ్మా," అన్నాడు సూపర్‌వైజర్. "పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు దీని చెయ్యి పట్టుకుని ఒక్క మూత చేసి చూపించు. నువ్వెలా కదిపితే అలాగే గుర్తుపెట్టుకుంటుంది."

రోబోకు గురువునయ్యానని ఆ సాయంత్రం వీధంతా టముకు వేసింది రేడియో అక్క.

మర్నాడు శిష్యుణ్ణి ఒంటరిగా పనిలోకి దింపారు. సగం అంచు చక్కగా నడిచింది. ఉన్నట్టుండి ఆగి, ఆడపడుచు మెషీన్ వైపు తిరిగి, కాసేపు అలాగే నిలబడి, మళ్లీ పనిలో పడింది. ఇంకాస్త దూరం వెళ్లి మళ్లీ అదే తంతు.

సూపర్‌వైజర్ తల గోక్కున్నాడు. "అటెందుకు తిరుగుతోంది?"

"నిన్న సరిగ్గా అక్కడే ఆగి వదిన నాకు మా అన్నయ్య గురక గురించి చెప్పింది సార్," అంది ఆడపడుచు. "రెండోసారి ఆగిందే, అది మాత్రం... మీ కొత్త మీసం గురించి."

హాలంతా ఘొల్లుమంది. రేడియో అక్కకు తల కొట్టేసినట్టయింది.

"మళ్లీ నేర్పాలమ్మా. ఈసారి కాస్త..." సూపర్‌వైజర్ మీసం తడుముకుంటూ నసిగాడు.

"'నోరు మూసుకుని' అనండి సార్, మొహమాటమెందుకు?" అంటూ ఆమె పెదవులు బిగించి రోబో చెయ్యి పట్టుకుంది.

ఆడపడుచు ఊరుకుంటుందా? తీరిగ్గా దగ్గరికొచ్చింది. "వదినా, చెప్పడం మర్చిపోయా. ఆ పెయింట్ సెక్షన్ అబ్బాయి నిన్న నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు."

రేడియో అక్క కళ్లు ఇంతింతయ్యాయి. చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మాత్రం అంచు మీంచి తొలగలేదు.

"నేనేమన్నానో అడగవేం?"

మెడ నరాలు ఉబ్బాయి. చివరి అంచు ఎలా ముగించిందో ఆమెకే తెలియాలి. పాఠం అయిపోయిందని రోబోకు చెప్పే బటన్ నొక్కీ నొక్కగానే అరిచింది. "ఏమన్నావే?"

"సరేనన్నా."

"ఇంత కబురు రాత్రంతా కడుపులో ఎలా దాచుకున్నావే, దొంగమొహమా!" అంటూ ఆడపడుచును గట్టిగా వాటేసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చూసేవాళ్లకు బోధపడలేదు.

ఆ రోబో ఇప్పుడు ఎటూ తిరగకుండా బుద్ధిగా పనిచేస్తోంది. కాకపోతే ప్రతి మూతకూ చివరి అంచు దగ్గర కొంప మునిగినట్టు పరుగెడుతుంది. అంచు నున్నగానే వస్తోంది కదా అని సూపర్‌వైజర్ దాని జోలికి పోలేదు.