రెండు చేతులతో ఎక్కిన ఘాటీ

ఆ రోజుల్లో అరకులో కారుండటమే గొప్ప, క్లచ్చి పెడలు లేని కారుండటం ఇంకా గొప్ప, దాన్ని నడపడం తనకొక్కడికే వచ్చని చెప్పుకు తిరగడం అన్నిటికన్నా గొప్ప. ఈ మూడో గొప్ప నాది. నేను గుమాస్తాగా చేరిన కాఫీ తోట యజమానికి ఒక పాత విదేశీ కారుండేది. గేర్లు చేత్తో మార్చుకోవాల్సిందే గానీ కాళ్ల దగ్గర రెండే పెడళ్లు. కిటుకంతా గేరు కర్రలో ఉంది. దాని మీద చెయ్యి పడితే లోపల స్విచ్చి నొక్కుకునేది, ఇంజను గాలి పీల్చే బలంతో ఒక డబ్బా క్లచ్చిని లాగి పట్టుకునేది. చెయ్యి ఉన్నంతసేపూ ఇంజనుకీ చక్రాలకీ లంకె తెగిపోయేది, తీసేస్తే మళ్లీ కలిసేది. "ఊరికే నిమరకు, అది పెళ్లాం చెయ్యి కాదు" అని యజమాని హెచ్చరించాడు. (నాకప్పటికి పెళ్లి కాలేదు కాబట్టి పోలిక అంతగా బోధపడలేదు.)

అప్పుడే చోడవరం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫొటో చూసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. పిల్ల తండ్రి బెల్లం వ్యాపారి. అంతకుముందు వచ్చిన కుర్రాడు ఎదురు మాట్లాడాడని ఆ సంబంధం వదులుకున్నారట. ఆయన ఏమన్నా తలూపమని, నోరు మాత్రం విప్పొద్దని మధ్యవర్తి నాకు మరీమరీ చెప్పాడు. నా ఉద్యోగం, ఊరు చూసుకోవడానికి తల్లిదండ్రులతో పాటు పిల్ల కూడా వస్తానంది. యజమాని కాళ్లావేళ్లా పడి కారు తీసుకుని, అరకు కొండదారి (మేం ఘాటీ అంటాం) మొదలయ్యే శృంగవరపుకోట వెళ్లి వాళ్లని ఎక్కించుకున్నాను. పిల్ల తండ్రి ముందు సీట్లో నా పక్కన, తల్లీకూతుళ్లు వెనక కూర్చున్నారు.

మైదానంలో పుట్టి పెరిగిన మనిషి, ఘాటీ ఎప్పుడూ ఎక్కలేదు. మొదటి మలుపులో లోయ కనబడగానే చేతికందిన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. చేతికందింది గేరు కర్ర. ఇంజను గొంతు చించుకుని అరిచింది, కారు వెనక్కి జారింది. నేను బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. ఆయన చెమట తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే బండి బుద్ధిగా కదిలింది. తరవాతి మలుపులో మళ్లీ అదే కథ. చెయ్యి తియ్యండి అనే రెండు ముక్కలు గొంతు దాకా వచ్చి మధ్యవర్తి మొహం గుర్తొచ్చి దిగిపోయాయి. అంటే పెళ్లి పోతుంది, అనకపోతే అందరం పోతాం.

"ఏటి బాబూ, అరుపేమో ముందుకి, బండేమో ఎనక్కీనా?" అన్నాడాయన. చలికండీ అన్నాను. (ఎండ మాడిపోతోంది.) ఘాటీ కింద అమ్మోరికి కొబ్బరికాయ కొట్టలేదు గదా, అదీ సంగతి అని తేల్చాడు. దేవుడంటే పరాచికాలాడే నేను దానికీ తలూపాను. అప్పుడు వెనక నుంచి పిల్ల గొంతు మొదటిసారి విన్నాను.

"నాన్నా, అమ్మోరికి దండం ఎట్టు. రెండు సేతులతోటీ."

ఆయన చేతులు జోడించాడు. కారు మలుపు మీద మలుపు ఎక్కేసింది. అద్దంలో చూస్తే ఆ పిల్ల చూపు గేరు కర్ర మీదే ఉంది, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటోంది. నేను అప్పుడే పెళ్లయిపోయినంత సంబరపడ్డాను. ఆయన అరకు దాకా చేతులు దించలేదు. కుర్రాడికి నోట్లో మాట లేదు, మనసులో దేవుడున్నాడు అని ఊళ్లో చెప్పి పిల్లనిచ్చాడు. ఆ రెండిట్లో ఒక్కటీ నిజం కాదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మామగారు బతికున్నన్నాళ్లూ బస్సులో వచ్చినా సరే, ఘాటీ అంతా దండంతోనే ఎక్కేవారు.

మొన్న మా అమ్మాయి కొత్త కారులో మమ్మల్ని అరకు తీసుకెళ్లింది. అన్నీ దానంతటవే మారే బండి. మొదటి మలుపులో నాకు తెలియకుండానే గేరు కర్ర పట్టుకున్నాను. "చెయ్యి తియ్యి నాన్నా" అంది మా అమ్మాయి, ఎంత తేలిగ్గానో. ఆ ఒక్క మాట అనలేకే గదా నాకు పెళ్లయింది. నేనేదో అనబోయేలోగా వెనక సీట్లోంచి వినబడింది.

"దండం ఎట్టండి. రెండు సేతులతోటీ."

నమ్మకం నాకు ఇప్పటికీ లేదు. అయినా చేతులు జోడించాను. అరకు వచ్చేదాకా దించాలనిపించలేదు.